బల్ల కింద దొరికిన లోపం

గోదావరిఖని

సర్వీసు మేనేజరు పట్టాభిరామయ్య సారుకు కాలనీ రేడియో సారక్క శనార్తులు.

మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటున్నది. నొక్కీ నొక్కీ వేలు అరిగింది. అందుకే ఉత్తరం. మీరు బిగించిన ట్రాన్స్‌మిటరు రోజూ మధ్యాహ్నం మూగపోతున్నది. అదీ 'కాలనీ గోడు' నడిచేటప్పుడే! నల్లా రాలేదని, మోరీ నిండిందని జనం చెప్పుకునే ప్రోగ్రాం అది. కంపెనీ పెద్ద సార్లకు భయపడి నేనే బంద్ చేస్తున్ననని కాలనీ అంతా అంటున్నరు. నా ఇజ్జత్ పోతున్నది సారు. జల్ది బాగు చెయ్యుండ్రి.

ఇట్లు,
సారక్క

తా.క. మా రాయమల్లు కాక దాని వీపు మీద రెండు దెబ్బలేస్తే మళ్ల మాట్లాడుతది. మీ దగ్గర కూడ గిదే వైద్యమా?

హైదరాబాదు

సారక్క గారికి నమస్కారం.

యంత్రాన్ని కొట్టడం వారంటీకి విరుద్ధం. దయచేసి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆ వేళ చుట్టుపక్కల అసాధారణంగా ఏమైనా జరుగుతోందేమో గమనించి రాయండి.

భవదీయుడు,
పట్టాభిరామయ్య

తా.క. ప్లగ్గు పెట్టారా?

గోదావరిఖని

సారుకు,

ప్లగ్గు పెట్టినం. ఆఫ్ చేసినం, ఆన్ చేసినం, కొబ్బరికాయ కూడ కొట్టినం. వింతలేం జరుగుతలేవు, అంత మామూలే. నిన్న పూలమ్మవ్వ "మా మోరీ సంగతి" అనంగనే రేడియో ఆగింది. అవ్వ చెప్పు చేతుల పట్టుకొని రేడియో స్టేషనుకే వచ్చింది.

పరేషాన్‌ల ఉన్న,
సారక్క

తా.క. ఆ టైముకు మేం బల్ల మీద టీ గ్లాసు పెట్టం. అదే నడుచుకుంట పోయి కింద పడుతది.

హైదరాబాదు

సారక్క గారికి,

గ్లాసులు నడవడం మా సర్వీసు పుస్తకంలో లేదు. మధ్యాహ్నం పూట వాటిలో ఏం పోసుకుంటున్నారో ముందు విచారించండి. ఆ యంత్రాన్ని బిగించింది మా వినీత్. మా సంస్థలో అంతటి ఇంజనీరు లేడు. అతన్నే పంపుతున్నాను. లోపం లేదని తేలితే, మీరే ఆపుతున్నారని మీ రేడియో కమిటీకి రాసిస్తాడు.

భవదీయుడు,
పట్టాభిరామయ్య

తా.క. అతను సున్నితమైన మనిషి. గట్టిగా మాట్లాడకండి.

గోదావరిఖని

పట్టాభిరామయ్య సారుకు,

మీ వినీత్ వచ్చిండు. మాకు వాడుడు రాదని పెద్ద క్లాసు పీకిండు. టీ గ్లాసు బల్ల మీద పెట్టిండు. వద్దు బాబూ అన్న, వినలే. గంతల ధడేల్‌మన్నది. కిటికీలు ఊగినయి, గ్లాసు నడిచింది, రేడియో ఆగింది. "అమ్మో, భూకంపం!" అని మీ ఇంజనీరు బల్ల కింద దూరిండు. అది ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు సారు! బొగ్గు మీది రాయిని రోజూ ఇదే టైముకు పేలుస్తరు. మీరు అసాధారణమైనవి అడిగితిరి. మాకు అది మామూలే గద!

ఆయన కోసం బల్ల కిందికి వంగితే గద కనబడ్డది, యాంటెన్నా వైరు నట్టు సగమే బిగించి ఉన్నది. భూమి అదిరినప్పుడల్ల వదులైతున్నది. రాయమల్లు కాక గట్టిగ బిగించిండు, రేడియో మోగింది. మైకు ఆన్‌ల ఉన్నదని ఎరుక లేక మీ వినీత్ కింది నుంచే బతిమాలిండు: "అక్కా, ఆ రోజు బస్సుకు టైమైందని సగమే బిగించాను. మా సారుకు చెప్పకండి."

నేనైతే చెప్పలే సారు. కాలనీ అంత విన్నది. పూలమ్మవ్వ చెప్పు వాకిట్ల విడిచి, నాకు చాయ తెచ్చింది.

మీ యంత్రాన్ని ఆపని,
సారక్క

తా.క. వినీత్ ఇంక బల్ల కిందనే ఉన్నడు. ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటరా, రాయమల్లు కాకను పిలువమంటరా?