పండు వాసన

సరోజా,

నువ్వు పోయి నేటికి పదేళ్లు. ఈ ఉదయం పక్కింటి రమణమ్మ కూతురు వాంతులు చేసుకుని రొప్పుతూ పడి ఉంది. వారంగా ఒకటే దాహమట. నోట్లో మాగిన పండు వాసన.

“దిష్టి తీస్తాండాను అక్కా,” అంది రమణమ్మ.

“దిష్టి కాదమ్మా, షుగరు. మా సరోజకూ ఇట్లే వచ్చింది. బస్సుకు పోదాం పా,” అన్నాను.

పుంగనూరు నుంచి మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్, ఇన్సులిన్ ఎక్కించారు. సాయంత్రానికి ఆ బిడ్డ కళ్లు తెరిచింది.

నీ నోట్లో ఆ వాసన వచ్చినప్పుడు, దేవుడి పండు ఎందుకు తిన్నావని కోప్పడ్డాను. “నేను తినలా అమ్మా,” అన్నావు. నేను నమ్మలేదు. జబ్బు పేరు డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైంది.

మైల తీరాక పూజగది తెరిచాను. పళ్లెంలో అరటిపళ్లు నల్లబడి ఉన్నాయి. ఐదు పెట్టాను, ఐదూ ఉన్నాయి.