ఆఖరి గేటు

అన్నా,

మన కంపెనీ ఆఖరి మెటల్ డిటెక్టర్ గేటును ఈ రోజు ఎనుమాముల దారిలో కొత్తగా కట్టిన ఒక మాల్‌లో బిగించాను. సుబేదారిలోని మన షాపుకు రేపు తాళం వేస్తున్నాను. ఇప్పుడు అందరూ ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటున్నారు. తిరిగి తిరిగి నాకూ ఓపిక అయిపోయింది.

పోలీసులకు లాఠీలు, ఈలలు అమ్ముతూ మొదలుపెట్టావు. బాంబుల భయం పెరిగాక బండ్ల కింద చూసే అద్దాలు తెచ్చావు, ఆ తర్వాత ఈ గేట్లు. యాక్సిడెంట్ అయి నీ కాలిలో స్టీలు ప్లేటు వేశాక, బిగించిన ప్రతి గేటునూ నువ్వే కుంటుతూ దాటి చూసేవాడివి. అది మోగితే, "నా కాలు పాస్ చేసిందిరా, ఇగ ఫికర్ లేదు" అని నవ్వేవాడివి.

నువ్వు పోయిన మూడో రోజు బూడిదలో ఆ ప్లేటు దొరికింది. అస్థికలతో పాటు దాన్ని గోదావరిలో కలపలేకపోయాను. అప్పటి నుంచి దాన్నే జేబులో వేసుకుని గేట్లు దాటి చూస్తున్నాను. తాళాలు, ఫోను ముందే పక్కన పెట్టేస్తాను.

ఇవాళ కూడా మోగింది. కొత్తగా చేరిన వాచ్‌మన్‌కు ఇదంతా ఏం తెలుసు?

"జేబుల ఏమున్నదో తీసి ట్రేల పెట్టుండ్రి సార్. మల్లొక్కసారి రాండ్రి."

చెప్పే ఓపిక లేక ప్లేటు తీసి ట్రేలో పెట్టాను. మళ్లీ దాటాను. గేటు మోగలేదు.

"ఇగ ఏం లేదు సార్, పోండ్రి" అన్నాడు.