చప్పుడు లేని కార్లు

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ తమ్ముడి చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. ఆయన ఉద్యోగం పోయింది. కరెంటు కార్లు వచ్చేస్తున్నాయని లోకమంతా అంటున్నా, ఈయన పనిచేసే ఆ ఖరీదైన కార్ల కంపెనీ వాటిని తయారు చెయ్యకుండా ఏళ్ల తరబడి రేపు మాపు అంటూ నాన్చింది. తోటివాళ్లు బ్యాటరీల ఫ్యాక్టరీకి పోతూ ఈయన్నీ రమ్మన్నారు. మేనేజరు భుజం మీద చెయ్యేసి, "మన కార్లు ఇంజన్ చప్పుడు కోసమే కొంటారయ్యా! నువ్వెక్కడికి పోతావ్?" అన్నాడట. ఆ మాటకే పొంగిపోయి ఉండిపోయారు.

అమ్మకాలు పడిపోయాక కంపెనీకి తెలివొచ్చింది. పోయిన నెల ఈయన బిగించిన ఇంజన్ చప్పుడు ఈయన చేతే రికార్డు చేయించుకున్నారు. చప్పుడుండని కొత్త కరెంటు కార్లలో దాన్ని స్పీకర్లలోంచి వినిపిస్తారట. ఆ పని కాగానే ఫ్యాక్టరీలో ఈయన పనిచేసే ఇంజన్ల షాపు మూసేశారు.

మొన్న మధ్యాహ్నం ఆయన షెడ్డు తలుపులన్నీ వేసుకుని, మా పాత కారు స్టార్ట్ చేసి అందులో కూర్చున్నారు. పొగకి నాకు ఊపిరాడలేదు. తలుపులు బార్లా తీసి, రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"ఏంటండీ ఇది?" అంటే, "ఏం లేదే, చప్పుడు విందామని" అన్నారు.

పిల్లలకీ అదే చెప్పాను.

మీరు మామూలుగా వచ్చినట్టే రండి. నేను రాశానని అనకండి. నేను కాపలా కాస్తున్నానని ఆయనకి తెలిసిపోయింది. ఇవాళ పొద్దున, "కళ్లు గుంటలు పడ్డాయి, కాసేపు పడుకో. నేనెక్కడికీ పోనులే" అన్నారు.

పడుకోవాలంటే భయంగా ఉంది బావగారూ.

మీ మరదలు