సారంగి: వీరయ్య

మెట్టుగూడ, సికింద్రాబాదు
1949 ఫిబ్రవరి 6, ఆదివారం

మిత్రుడు వీరయ్యకు,

యేసురాజు నమస్కారాలు. చెల్లెమ్మ బుచ్చమ్మకు, పిల్లలకు మా ఇద్దరి దీవెనలు. ఇక్కడ మేం క్షేమంగానే ఉన్నాం. ఈ రోజుల్లో ఉత్తరాల్లో రాసే క్షేమానికి ఇంతకంటే అర్థం వెతకొద్దు.

నీ కార్డు అందింది. బెజవాడలో గ్రామఫోను దుకాణంవాడు రాబోయే ప్లేట్ల జాబితా చూపించాడనీ, అందులో ‘సారంగి: వీరయ్య, సికింద్రాబాదు’ అని ఉందనీ రాశావు. పుట్టి బుద్ధెరిగాక నేను సారంగి ముట్టలేదు, వాయించేది ఫిడేలు, ఎనిమిది నెలలుగా ఆ ఊళ్ళోనే లేను, నా పేరుతో ఏం నాటకం ఆడుతున్నావని అడిగావు. అడగవలసిన మాటే. అయితే పూర్తిగా విని తర్వాత తిట్టు.

ఆ సారంగి బుర్హాన్ సాబ్‌ది. మన బృందంలో ఇరవై ఏళ్ళు నీ పక్కన కూర్చుని వాయించిన బుర్హాన్ సాబ్‌దే.

పోలీసు చర్య అయిన రెండు నెలలకు కంపెనీవాళ్ళు మద్రాసు నుంచి రికార్డింగు సామాను తెచ్చి, మా వీధి చివర హాలు తీసుకున్నారు. నాలుగు ప్లేట్ల ఆల్బం, ఎనిమిది పక్కలు, అన్నీ విముక్తి పాటలు. మాటలు నావి, గొంతు మా ఆవిడ సలోమిది, బాణీలన్నీ బుర్హాన్ సాబ్‌వి. ఏజెంటు రిచర్డ్ మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి, ముసలాయన వాయిస్తే అభ్యంతరం లేదు గానీ ప్లేటు మీద ఆ పేరు ఈ రోజుల్లో బాగుండదన్నాడు. ఈ రోజులంటే ఏ రోజులని అడిగాను. బాణీ కావాలి, మనిషి అక్కర్లేదా అని అడిగాను. హార్మోనియం పెట్టె మూసేశాను. గంటసేపు వాదించాక దిగొచ్చి, బుర్హాన్ సాబ్ పేరు నా కళ్ళముందే కాగితం మీద రాశాడు. గెలిచాననుకున్నాను.

రజాకార్లు నీ ఇల్లు దోచినప్పుడు ఈ న్యాయం ఎక్కడికి పోయిందని నువ్వంటావు. అను. కానీ ఆ మూకలో బుర్హాన్ సాబ్ ఉన్నాడా? నువ్వు వదిలిపోయిన ఫిడేలు తీసుకెళ్ళి దాచింది ఆయనే. ఇవాళ్టికీ బన్సీలాల్‌పేట్‌లో ఆయన మంచం కింద దుప్పటి చుట్టుకుని ఉంది.

రికార్డింగు మూడు రోజులు సాగింది. చప్పుడు మార్మోగకుండా గోడలనిండా జంబుఖానాలు కట్టారు. మైకు దగ్గర సారంగి, బాగా వెనక నా హార్మోనియం, మూలన బిక్షం తబలా. తిరిగే మైనపు పళ్ళెం మీద సూది గాడి కోస్తుంది, కోస్తున్నంతసేపూ ఎర్రదీపం వెలుగుతుంది. మూడు నిమిషాల్లో ఏ తప్పు జరిగినా పళ్ళెం పోయినట్టే. వెంటనే మోగించి వినడానికీ లేదు, గాడి చెడిపోతుంది. మొదటిరోజే రైలింజను కూత పడి రెండు పళ్ళేలు పాడయ్యాయి. బిక్షం రైల్వే షెడ్డు మనిషి గదా, ఏ బండి ఎప్పుడొస్తదో నాకెర్క, నేను చెయ్యి ఊపినంక దీపం ముట్టియ్యుండ్రి అన్నాడు. దొరా, మా గూడ్సుబండి సుత మంచిగనే పాడింది, దాని పేరు సుత ప్లేటు మీద ఎయ్యుండ్రి అని ఇంజనీరు ఆర్థర్‌ను నవ్వించాడు.

బుర్హాన్ సాబ్ నవ్వలేదు. ఆయన తొలిసారి రికార్డుకు వాయించింది మైకులు లేని కాలంలో, గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద కొమ్ములోకి. అప్పట్లో పాట కాగానే కళాకారుడు కొమ్ములోకి తన పేరు చెప్పేవాడట, సముద్రం అవతల ఫ్యాక్టరీలో అచ్చువేసేవాడికి ఇది ఎవరి ప్లేటో తెలియడానికి. ఇప్పుడు సుత చెప్పాల్నా అని ఆర్థర్‌ను అడిగాడు. అక్కర్లేదు తాతా, కాగితం మీద రాసుకున్నామన్నాడు ఆర్థర్.

ఎనిమిదో పక్క ఒట్టి సారంగి. మిగిలింది ఒకటే పళ్ళెం. మధ్యాహ్నం ప్యాసింజరు వెళ్ళిపోయిందని బిక్షం చెయ్యి ఊపాడు. ఎర్రదీపం వెలిగింది. వీరయ్యా, ఇరవై ఏళ్ళలో నువ్వూ నేనూ వినని వాయింపు అది. చివరి స్వరం సన్నబడి సన్నబడి ఆగింది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. పాత అలవాటు ఆయన్ను ముందుకు వంచింది. మైకు దగ్గర నోరు పెట్టి, తొణక్కుండా, నా పేరు వీరయ్య, సికింద్రాబాదు అన్నాడు.

శభాషని ఎత్తిన బిక్షం చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. సలోమి కొంగు నోట్లో కుక్కుకుంది. దీపం ఆరాక ఆయన నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు. అది రాయలేను.

వేరే పళ్ళెం లేదు. ఆయన గొంతే చెబుతుంటే కాగితం మీద ఇంకో పేరు ఎలా వేస్తామని రిచర్డ్, నా కళ్ళముందు రాసిన పేరును నా కళ్ళముందే కొట్టేశాడు. పత్రికల్లో పేజీలకు పేజీలు వాదించేవాణ్ణి, ఆ పూట హార్మోనియం పెట్టె సర్దుకున్నాను.

ఎవరు నేర్పారయ్యా ఆయనకు ఆ పేరు? భయం నేర్పింది. పేరు అడిగి మనిషిని తూచే కాలం నేర్పింది. నిన్నటిదాకా నిజాముకు సలాం కొట్టి, ఇవాళ ఖద్దరు తొడిగి ఇరుగుపొరుగును లెక్కతీస్తున్న పెద్దమనుషులు నేర్పారు. అరవై ఏళ్ళ కళాకారుడి నోట్లోంచి సొంత పేరు లాగేసుకున్న దాన్నా విముక్తి అని నేను పాట కట్టాను?

ప్లేట్లు వచ్చే నెల అచ్చవుతాయి. నా మూడు ఉత్తరాలకు కంపెనీ జవాబివ్వలేదు. నువ్వు రాయి. వీరయ్యను నేను, నాకు సారంగి రాదు, అది బుర్హాన్ సాబ్ వాయించింది అని రాయి. పేరుగలవాడే కాదంటే వాళ్ళు కాదనలేరు. గాడిలో పడ్డ మాటను మార్చలేం, కాగితం మీద అయినా ఆయన పేరు ఉండాలి. ఊరు విడిచిపోతున్న నిన్ను ఆనాడు పిరికివాడన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు, నీతో పోట్లాడే హక్కు ఇంకా వదులుకోని
యేసురాజు

తా.క. సలోమి ఉత్తరం చదివి కవరు అంటించనివ్వలేదు. ఎవరు నేర్పిన్రో నాకు తెల్వదా, జట్కాల నేను సుత ఉన్న గదా, అది సుత రాయి అంది. రాస్తున్నాను.

ఆ మూడు రోజులూ ఆయన్ను బన్సీలాల్‌పేట్ నుంచి తెచ్చింది నేను. దారిలో తనిఖీలు. టోపీ తీయించి నా సంచిలో పెట్టుకున్నాను. ఎవరడిగినా వీరయ్య అని చెప్పమన్నాను. నోటికి మొదట వచ్చిన పేరు నీదే. మళ్ళీ మళ్ళీ చెప్పించాను. చివరిరోజు పొద్దున తడబడి సొంత పేరు చెప్పాడు. మీరు పోయేది గాక మమ్మల్ని కూడా చంపుతారా అని కసిరాను. చేతులు జోడించి, మాఫ్ చెయ్యి మాస్టరూ, మళ్ల మర్వ అన్నాడు. చిలకలగూడ దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

దీపం ఆరాక ఆయన నాతో అన్న మాట ఇది. పాఠం అప్పజెప్పిన పిల్లవాడిలా ముఖం వెలిగిపోతుంటే, ఈసారి తప్పు చెప్పలె గదా మాస్టరూ అన్నాడు.