మందులు ఆపించుకున్నాను

సూర్యాపేట, 18-8-2011

తమ్ముడు వీరస్వామికి మణెమ్మక్క దీవెనలు. నాకు నెమ్మదిగానే ఉంది, పరేషాన్ కావద్దు.

క్యాన్సర్ కాలేయానికి పాకిందని పట్నం డాక్టరు చెప్పాడు. ఇంకో ఆరు ఇంజెక్షన్లు చేయించుకుంటే రెండు నెలలు ఎక్కువ బతకవచ్చట. "ఆ రెండు నెలలు అన్నం తింటనా సారూ, వాంతులే చేసుకుంటనా?" అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు. ఇక చాలన్నాను. కొడుకు ధర్మేందర్ కోపంతో లారీ ఎక్కి మేళ్లచెరువు వెళ్లిపోయాడు.

నేను ఇక్కడ సిస్టర్లు నడిపే ఆశ్రమంలో చేరాను. వీళ్లు రోగం మాన్పరు, నొప్పి తగ్గిస్తారు. మూడు రోజులుగా నిద్ర పడుతోంది.

నిన్న ధర్మేందర్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నన్ను అడగకుంట ఎట్ల ఆపించినవే అమ్మా?" అన్నాడు. "అడిగితే నువ్వు వద్దంటవని తెల్వదా బిడ్డా?" అన్నాను. వాడు సిస్టరమ్మ దగ్గరికి పోయి, నన్ను పక్కకు తిప్పడం నేర్పమని అడిగాడు. రెండుసార్లు నొప్పి పుట్టింది. మూడోసారి తెలియలేదు.

గొర్రెలు ఈనాయా? మరదలి మోకాలు ఎలా ఉంది? నా పాత నూలు చీరలు రెండు పట్టుకురా, గ్లూకోజు డబ్బాలు తేవద్దు. ఇంజెక్షన్ల మాట వాడి ముందు ఎత్తకు. నీ కోడలు నవనీతకు, పిల్లలకు నా దీవెనలు చెప్పు. ఈ ఆదివారమే రా తమ్ముడూ. పై ఆదివారానికి నాకు మాట ఉంటుందా అని అడిగితే, సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

మీ అక్క,
మణెమ్మ