తాళాల పిన్ని ఎడమ చెవి

ప్రియమైన చిట్టికి,

పెద్దమ్మ చెబుతుంటే పక్కింటి టైపిస్టమ్మ రాస్తోంది. రిటైరై పదేళ్ళయినా ఆవిడ చెయ్యి తిన్నగానే ఉంది. కాబట్టి తప్పులుంటే నావి. కోపం కూడా నాదే.

నువ్వు రాసిన సీరియల్ మొదటి భాగం ఆవిడ నాకు రెండుసార్లు చదివింది. మొదటిసారి నమ్మలేక రెండోసారి చదివించుకున్నాను. నా తాళాల పిన్నిని చెవిటిదాన్ని చేశావు. ఒకటి అడిగితే ఇంకోటి చెబుతుంది, అద్దెకున్న కుర్రాళ్ళు వెనక నిలబడి వెక్కిరిస్తారు, జనం నవ్వాలి. అదీ నీ హాస్యం.

పిన్ని ఎవరో నేను చెబుతాను, విను. మా నాటకంలో నేను వేసిన వేషం, ఒంటరి మగవాళ్ళ లాడ్జికి తాళాలు చూసే మనిషి. నడుముకు ఇరవై రెండు తాళాల గుత్తి. ఏ గదిలో ఎవడు ఏడుస్తున్నాడో, ఎవడు ఇంటికి అబద్ధాల ఉత్తరాలు రాస్తున్నాడో ఆవిడకు తెలుసు. ఎవరికీ చెప్పదు. లాడ్జి యజమాని గుడ్లురిమి, "తాళాలన్నీ నీ దగ్గరుంటే ఈ ఇంటికి యజమాని ఎవరే?" అంటే, తల కాస్త ఎడమకు వంచి, ఒక్క క్షణం ఆగి, "ఏమోనండీ, తలుపు తట్టి నిలబడేవాడు మాత్రం కాదు" అనేది. ముందు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళను చూసి తర్వాత మగవాళ్ళు.

నేను మానేశాక టీవీలో వేసినావిడ ఆ తల వంచడం పట్టుకుని, పిన్నిని తలుపులకు చెవి ఆనించే చాడీలకోరును చేసింది. ఇంకో పదేళ్ళకు సినిమాలో ఒక మగాడు పొట్టకు దిండు కట్టుకుని పిన్ని వేశాడు. వాడు తల వంచితే అది సిగ్గట. ఇప్పుడు నీ వంతు, చెవుడు. ఉన్నది ఒక్క మెడ, ముగ్గురూ మూడు వైపులా విరిచారు.

వచ్చే నెల షూటింగ్ అన్నావు. ఆలోపు మార్చు. పిన్నిని కన్నది నేను. పెంచుకునేవాళ్ళు కాస్త అడిగి పెంచుకోవాలి.

నీ పెద్దమ్మ, వేలిముద్ర కింద ఉంది

* * *

ప్రియమైన పెద్దమ్మా,

కవరు చింపకముందే నీ కోపం చేతికి తగిలింది.

సీరియల్ రాసే మా గదిలో ఎనిమిది మంది కూర్చుంటాం. ఆడదాన్ని నేనొక్కదాన్నే. నీ నాటకం ఫొటోలు పదకొండు గోడకు అంటించాం. తొమ్మిదింటిలో నీ తల ఎడమకే ఉంది. "ఈవిడకు కుడి చెవి పనిచెయ్యదేమో" అన్నాడు డైరెక్టరు. అందరూ నవ్వారు. అక్కడ పుట్టింది ఆ చెవుడు. రాసింది నేనే, కాదనను. రాయకపోతే రాయడానికి ఇంకొకడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

చెవుడు కాకపోతే ఏమిటో చెప్పు. అసలు కారణం ఉంటే ఇరవయ్యో తారీకు మీటింగులో పెడతాను. అమ్మ ఉన్నప్పుడు ఒకసారి అడిగాను. ఆ ఫొటోలు చూసి నవ్వి, "మీ పెద్దమ్మనే అడుగు" అంది. అందుకని అడుగుతున్నాను.

నీ చిట్టి

* * *

ప్రియమైన చిట్టికి,

కారణాలు చెప్పడానికి నేనేమన్నా బోనులో నిలబడ్డానా? అది నా స్టైలు. టైమింగ్ అంటారు దాన్ని. కొందరికి పుట్టుకతో వస్తుంది, మీ డైరెక్టరుకు రాలేదు. ఆ రోజుల్లో పత్రికలవాళ్ళు నా ఒక్క క్షణం గురించి పేజీలు రాశారు. వెళ్ళి అవి చదువుకో, నాకు ఎటూ రాదు కాబట్టి.

మీ అమ్మను ఇందులోకి లాగకు.

పెద్దమ్మ

* * *

ప్రియమైన పెద్దమ్మా,

స్టైలు అని చెప్పాను. "అయితే చెవుడు కూడా స్టైలే" అన్నాడు ఛానెల్ మేనేజరు. నాకు ఇంకో వారం ఇచ్చారు, అంతే. ఆ తర్వాత స్క్రిప్టు అచ్చుకు వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి. అమ్మ పెట్టెలో, బట్టల అడుగున, మీ నాటకం పుస్తకం దొరికింది. యజమాని ప్రశ్నకు పిన్ని జవాబు అచ్చులో "మీరేనండి, అంతా మీ దయ" అని ఉంది. అది కొట్టేసి, పక్కన పెన్సిలుతో తలుపు తట్టేవాడి డైలాగు రాసి ఉంది. అమ్మ చేతిరాత. ప్రతి పేజీలోనూ ఇలాగే.

నువ్వు స్టేజీ మీద అన్నవి అమ్మ రాసిపెట్టుకుందా పెద్దమ్మా?

నీ చిట్టి

* * *

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం చదువుతూ టైపిస్టమ్మ పెన్సిలు మాట దగ్గర ఆగి నా మొహం చూసింది. చదువు, అన్నాను. చదివింది. ఇప్పుడు చెబుతున్నాను, ఆపకుండా రాయమన్నాను.

లేదే. మీ అమ్మ అన్నవే నేను స్టేజీ మీద అన్నాను.

నాకు చదువు రాదని నాటకం కంపెనీలో మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే వేషం ఉండదు. మాట మరిస్తే చాటు నుంచి అందించే ప్రాంప్టింగ్ మా చెల్లెలే చేస్తుందని పట్టుబట్టి పెట్టించుకున్నాను. ఎడమ వింగులో, స్టేజీ పక్క తెర మడతలో నిలబడేది. అచ్చులో ఉన్నవి మధ్యాహ్నాలు చదివి నేర్పేది. ఒక రోజు యజమాని ప్రశ్న దగ్గర నాకు మాట మరుపొచ్చి ఎడమకు వంగాను. అచ్చులో ఉన్నదాన్ని వదిలేసి, తనకు తోచింది అందించింది. నేను అన్నాను. హాలు కదిలిపోయింది. మర్నాటి నుంచి పిన్ని జవాబులన్నీ అటునుంచే వచ్చాయి. ఆ ఒక్క క్షణం టైమింగూ కాదు, తోటకూరా కాదు. మా చెల్లెలి గొంతు నా చెవిలో పడే సమయం. ఆ జోకు జనం కంటే ఒక్క రెప్పపాటు ముందు వినేదాన్ని, అంతే తేడా. వాళ్ళు నవ్వింది జోకు విన్న నా మొహం చూసి.

తర్వాత పత్రికాయన వచ్చాడు. "ఈ మాటలు ఎవరు రాస్తారమ్మా?" అన్నాడు. మీ అమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నా పక్కనే ఉంది. "ఎవరూ రాయరు, నా నోటికి అలా వచ్చేస్తాయి" అన్నాను. పళ్ళెం జాగ్రత్తగా కింద పెట్టింది. ఒక్క గ్లాసూ తొణకలేదు. ఆ సాయంత్రం ఎడమ వింగులో వేరే మనిషి పుస్తకం పట్టుకుని ఉన్నాడు. నేను తల వంచాను. "మీరేనండి, అంతా మీ దయ" అని వినిపించింది. అదే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నెల తిరగకుండా మానేశాను. మంచి పేరున్నప్పుడే తప్పుకుందని మెచ్చుకున్నారు.

నువ్వు కడుపులో పడ్డావని ప్రాంప్టింగ్ మానేశానని మీ అమ్మ నీకు చెప్పి ఉంటుంది. నువ్వు ఇంకో రెండేళ్ళకు కదే పుట్టింది.

టీవీ ఆవిడనూ, దిండు కట్టినవాణ్ణీ, నిన్నూ తిట్టాను. పిన్నికి మొదట అన్యాయం చేసింది నేను. ఆవిడ పక్కన ఇంకో ఆడది ఉండేది, ఆ మనిషిని చెరిపేశాను. అందుకే తర్వాతివాళ్ళకు ఆ వంగిన తల దేనికో తెలియలేదు, చేతికందిన వెటకారం అంటించారు.

ఈ ఉత్తరం మీ గదిలో చదువు. గొంతు తగ్గించకు. నాకు చదువు రాదన్నదీ చదువు. మాటలు ఎవరివో వేసే చోట మీ అమ్మ పేరు వెయ్యి. అప్పటికీ చెవుడే కావాలంటే నా ఫొటోలు గోడ మీంచి పీకి పట్టుకొచ్చెయ్. నువ్వూ లేచి వచ్చెయ్యమని అనను. బెంచీ మీద వాడున్నాడు, తెలుసు.

టైపిస్టమ్మ నన్నొకటి అడిగింది. తను ఎప్పుడూ నా కుడివైపు కుర్చీలోనే కూర్చుని నీ ఉత్తరాలు చదువుతుందట. అయినా నేను ఎడమకే వంగి వింటానట. అటువైపు గోడ తప్ప ఏమీ లేదు కదా, అంది.

అది రాసెయ్యమన్నాను.

ఎడమ వింగు ఖాళీ చేసిన
మీ అమ్మ అక్క