లేతుబాయి చచ్చిపోయిందన్నారు

జూన్ 8, ఆదివారం. నస్పూర్

మధ్యాహ్నం అన్నాలయ్యాక బాపు, అవ్వ, నేను టీవీ ముందు. పాతకాలపు ఆస్ట్రేలియా సినిమా. అక్కడి ఆదివాసీ తల్లుల చేతుల్లోంచి సర్కారు మనుషులు పిల్లల్ని గుంజుకుంటున్నారు. బాపు లేచి బయటికి వెళ్లిపోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గామె గూడ గిట్లనే మొత్తుకున్నది..."

"ఎవరవ్వా?"

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

జూన్ 9

ఎవరామె?

జూన్ 11

బాపు బజారుకు పోయినప్పుడు అవ్వ చెప్పింది.

ఇన్నేళ్లూ నేను నమ్మింది — కన్నవాళ్లు ప్రమాదంలో పోయారు, ఆశ్రమం నుంచి వీళ్లు తెచ్చి పెంచుకున్నారు. అంతా అబద్ధం. ఉట్నూరు అవతల గోండు గూడెం మాది. అప్పటి నా పేరు లేతుబాయి. నాలుగేళ్లప్పుడు, పట్నంలో చదివిస్తామని కన్నతల్లికి చెప్పి, బాపు తన దోస్తు జీపులో నన్ను ఎక్కించుకొచ్చాడు.

మూడు నెలలకు ఆమె నన్ను చూడడానికి మా బొగ్గుబాయి క్వార్టర్ దాకా వచ్చింది. గేటు దగ్గరికి బాపే వెళ్లాడు. పిల్ల జ్వరంతో చచ్చిపోయిందన్నాడు.

"నువ్వు లోపలి అర్రల ఉంటివి బిడ్డా. నా చెయ్యి నీ నోటి మీదనే ఉండె. పిల్లలు లేనోళ్లం... నిన్ను ఇడువ బుద్ధి గాలే."

ఆ చేత్తోనే ఇవాళ నా తల నిమరబోయింది. పక్కకు జరిగాను.

జూన్ 12

"నీకేం తక్వ జేసినం?" — బాపు, గోడవైపు చూస్తూ.

ఏమీ తక్కువ చేయలేదు. బొగ్గుబాయిలో నడుము పడిపోయినా పని మానలేదు. కరీంనగర్‌లో నా డిగ్రీ సీటు కోసం ఎండలో నిలబడ్డాడు. అందుకే ఇంత మంట. పరాయివాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

జూన్ 15, ఆదివారం. ఉట్నూరు

గూడెంలోకి అంగన్‌వాడీ టీచర్ తీసుకెళ్లింది. అమ్మ బతికే ఉంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది గోండిలోనే. నాకు ఒక్క ముక్క రాదు. టీచర్ తెలుగులో చెబుతోంది —

"మా లేతుబాయి సచ్చిపోయింది, దినాలు గూడ జేసినం అంటుంది అక్కా."

నేనే లేతుబాయినన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. గోండిలో ఒకే మాట అంది. టీచర్ నా వైపు తిరిగింది.

"పిల్ల సచ్చిందని జెప్పిన గా సారు ఆమె ముంగట ఏడ్చిండట. అబద్ధమైతే ఎందుకేడుస్తడు అంటుంది."

జూన్ 16

ఏడ్చాడట.

జూన్ 17

బాపు ఎదురుగా కూర్చుని అడిగాను.

"నా మాట నమ్ముతలేదు. నువ్వొచ్చి చెప్పు."

"ఏ మొకం పెట్టుకొని పోవాలె బిడ్డా?"

"గప్పుడు ఏ మొకంతోని చెప్పినవో, గా మొకంతోనే."

అవ్వ వంటింట్లో ఏడుస్తోంది. నేను వెళ్లలేదు.

జూన్ 18

ఉట్నూరు బస్సు ఏడింటికి. ఇప్పుడు ఆరున్నర. బాపు స్నానం చేసి, తెల్ల అంగీ వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను సంచి తీసుకుని గడప దాటాను.

బాపు ఇంకా లేవలేదు...